శనివారం పూట నరమాంసం

ప్రణతి రాసిన ఏ క్లైమాక్సూ ఇంతవరకు రాసింది రాసినట్టు తెరకెక్కలేదు. ఫిల్మ్‌నగర్ ఆఫీసుల్లో కథ విన్న ప్రతివాడూ అందులో ఓ చెయ్యి వేసేవాడే. విసిగి వేసారి, ఈసారి సినిమా కాదని ఓ ఆట తయారుచేసింది. తను కథ నడుపుతుంటే, తనతో సినిమాలకు పనిచేసే ముగ్గురు నరభక్షకులైన రాక్షసులై మాట్లాడాలి, పాచికలు వేయాలి. ఒక్క ముగింపైనా తను అనుకున్నట్టు జరిగితే ఆమెకు అంతే చాలు.

ఆ ముగింపు ఇదీ. రాక్షసులకు ఓ బాటసారి చిక్కుతాడు. తన ఊరివాళ్లను తినేశారన్న పగతో, ఏళ్లతరబడి కొంచెం కొంచెంగా విషం మింగి ఒళ్లంతా విషం చేసుకున్నవాడు. కొరికినవాళ్లు కొరికినట్టే చస్తారు. ఆ సంగతి ప్రణతికి తప్ప ఎవరికీ తెలియదు.

శ్రీనగర్ కాలనీలో, కాస్ట్యూమ్స్ చూసే లీలాకుమారి ఇంట్లో ఆట మొదలైంది. బాటసారి చిక్కాడు.

"మీకు ఆకలి దంచేస్తోంది. ఏం చేస్తారు?" అంది ప్రణతి ఆశగా.

కో-డైరెక్టర్ జగదీశ్ పాచికలు పక్కన పెట్టాడు. "ఇవాళ శనివారం కదమ్మా. నేను నీచు ముట్టను."

"తినేది మీరు కాదండీ, రాక్షసుడు."

"తింటున్నానని అనాల్సింది నా నోటితోనే కదా."

ప్రణతి పళ్లు నూరింది. "సరే, తెల్లారింది. ఆదివారం. ఇక తినండి."

"అలా పచ్చిగానా?" లీలాకుమారి మొహం చిట్లించింది. "ఉప్పూ పసుపూ వేసి కడిగి, అల్లం వెల్లుల్లి పట్టించి ఓ పూటన్నా ఊరనివ్వొద్దూ?"

"ఊరబెట్టుడు తర్వాత," అన్నాడు సెట్లు వేసే బాలనర్సయ్య. "బక్కగున్నడు చెల్లె, అన్నీ బొక్కలే. ముందుగాల గాయినకు కడుపునిండ బువ్వ పెడదం."

పెట్టారు. పప్పూ, ఆవకాయా, గడ్డపెరుగూ. ప్రణతి మొత్తుకున్నా వింటేగా.

"మనింట్లో చెయ్యి కడిగినవాణ్ణి ఎలా తింటామమ్మా, పాపం కాదూ?" అని జగదీశ్ తీర్పు చెప్పి, బాటసారిని పొలిమేర దాకా సాగనంపాడు.

ప్రణతికి ఒళ్లు మండిపోయింది. విషం సంగతంతా కక్కేసింది. "తినుంటే ముగ్గురూ చచ్చేవాళ్లు. అదండీ నా కథ."

జగదీశ్ గోడమీది వేంకటేశ్వరస్వామి పటానికి దణ్ణం పెట్టుకున్నాడు. "ఇదే బావుంది ప్రణతీ. ముగింపు ఇలాగే ఉంచెయ్."

ప్రణతికి ఏడుపొక్కటే తక్కువ. ఆ ఆఫీసులవాళ్లు నయం, కథ విన్నాక మార్చేవారు. వీళ్లు వినకుండానే మార్చేశారు.