నిటారుగా దిద్దిన ఆర్చ్

గాజు పలక చిటుక్కుమంది. త్రివేణి చటుక్కున తలెత్తి చూసింది.

ప్లెయిన్స్‌బరోకి అరగంట దూరంలో, ఫ్రాన్స్‌లోని ఓ పల్లెటూరి చర్చిని రాయి రాయీ విప్పి, ఓడలో తెచ్చి మళ్ళీ కడుతున్నారు. ఎవరో డబ్బున్న మారాజు ముచ్చట! ఎనిమిది వందల ఏళ్ళ నాటి చర్చి అది. రెండు మూరల మందం గోడలు, సన్నటి కిటికీలు, జనం కూర్చునే హాలుకీ పూజాపీఠానికీ మధ్య పెద్ద రాతి ఆర్చ్. ఇన్నాళ్ళూ ఆ ఆర్చ్‌ని చెక్కల చట్రం మోసింది. ఇవాళ చట్రం కింద బిగించిన వెడ్జ్‌లు, అంటే చెక్క చీలలు, కొట్టి తీసి చట్రాన్ని దించేస్తున్నారు. రెండు రాళ్ళ అతుకు మీద అంటించిన గాజు పలక పగిలిందంటే రాయి కదిలినట్టే.

"నిశాంత్ అన్నా, పని ఆపండి."

నిశాంత్ ప్రాజెక్ట్ లీడ్; అతని కింద డ్రాయింగ్‌లు చెక్ చేసే ఇంజినీర్ త్రివేణి. "ఒక్క గాజే కదా. కొంచెం సెటిల్ అవుతుంది. మధ్యాహ్నం ఓనర్ గెస్ట్‌లతో వస్తున్నాడు."

కింద ఇద్దరు మేస్త్రీలు సుత్తులతో వెడ్జ్‌లు కొడుతూనే ఉన్నారు.

అసలు సంగతి త్రివేణికి అప్పుడు తట్టింది. లేజర్ స్కాన్‌లో ఆర్చ్ ఎడమకి ఒరిగి కనిపించింది. స్కాన్‌లో ఎర్రర్ అనుకుని నిశాంత్ కంప్యూటర్‌లో నిటారుగా దిద్దాడు. ఆమె చూసి ఓకే చేసింది. ఇద్దరికిద్దరూ సరిపోయారు! గీత వంకరగా ఉంటే చాలు, సాఫ్ట్‌వేర్ అలవాటైన చేతులు ఊరుకోవు. కానీ ఆ పాతకాలపు మేస్త్రీలు తెలిసే ఒరగగట్టారు, ఆ ఒరుగుకి సరిపడేలానే ప్రతి రాయీ చెక్కారు. ఇప్పుడు వాటిని నిటారుగా పేరిస్తే సందులు పడ్డాయి. ఆ సందుల్లో ఉన్నది ఇంకా గట్టిపడని సున్నం.

"మనం దిద్దింది తప్పన్నా. అది నిజంగానే వంకర ఆర్చ్. బరువంతా పచ్చి సున్నం మీద పడుతోంది."

నిశాంత్ ముఖం మాడిపోయింది. "ఇప్పుడా చెప్పేది? నీ వీసా ఎక్స్‌టెన్షన్ లెటర్ మీద సైన్ చేయాల్సింది నేనే. గుర్తుందా?"

గుర్తులేకేం. రాత్రీ పగలూ దాని ధ్యాసే.

రెండో గాజు పగిలింది.

"స్టాప్," అంది కింది వాళ్ళతో. వాళ్ళు సుత్తులు ఆపి నిశాంత్ వైపు చూశారు. చెప్పాల్సింది అతనే.

"చెక్ చేసింది నువ్వేగా," అన్నాడు నిశాంత్ తెలుగులో, గొంతు తగ్గించి. "నీ లెక్క మీద నీకే నమ్మకం లేదా? వెళ్ళి ఆర్చ్ కింద నిలబడు చూద్దాం."

"నిలబడను అన్నా. నాకు భయం. మరి వాళ్ళిద్దర్నీ ఎందుకు నిలబెట్టాం?"

నిశాంత్ తలెత్తి ఆర్చ్ కేసి చూశాడు. అతని కాలు దానంతటదే ఒక అడుగు వెనక్కి పడింది. ఆ సంగతి ఇద్దరూ గమనించారు.

"పుట్ ద వెడ్జెస్ బ్యాక్," అని కింది మేస్త్రీలకి కేకేశాడు.