మైనరు బేరం

కాపురానికి వచ్చిన నాడు నా దగ్గరున్న పెట్టుబడి నా నోరే. ఇంటి తెలుగు, బడి హిందీ, మా నాన్న మిరప చేలో కూలికొచ్చే ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్న గోండీ. మా ఆయన రాజశేఖర్‌కు చింతపండు కొట్టుంది, గోండీ రాదు. అడవి ఊళ్ళ నుంచి గంపలతో వారం అంగడికొచ్చేవాళ్ళు నాతోనే బేరమాడేవారు. తూకం నాది, గింజ తీయించడం నాది, బస్తాలు కుట్టించడం నాది, చీకటిపడ్డాక ఇంటికొచ్చి పొయ్యి ముట్టించడమూ నాదే. బీజాపూర్ బజారులో ఎవరైనా "మీ ఇంటామె ఏం జేస్తది?" అనడిగితే ఆయన జవాబు ఒకటే: "ఏం జేస్తది, ఇంట్ల ఉంటది." మా అత్త తిరుపతమ్మ దానికి తనవంతు కలిపేది: "కూసొని తినేటోళ్లకు నోరెక్కువ."

ఆ అత్తకే జ్వరమొచ్చి ఒక అంగడినాడు నేను ఇంట్లో ఉండిపోయాను, మా ఆయనకు సాయంగా నా కొడుకు వినోద్ పోయాడు. ఆయతు అనే రైతు తూకం తప్పని గోండీలో గట్టిగా అన్నాడట. నేనుంటే మళ్ళీ తూచి, నవ్వించి పంపేదాన్ని. మాట అర్థంకాని మనిషికి అది తిట్టులా వినపడింది. తరాజు ఇనుపకాడ లేచింది, ఆయతు అక్కడే పోయాడు. సాయంత్రానికి పోలీసులు వినోద్‌ను పట్టుకుపోయారు. వాడే కొట్టానన్నాడు. వాడికి పదిహేడేళ్ళు.

నేను ఏడుస్తుంటే మా ఆయన కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు: "మైనరే గదనే. జువైనల్ హోంల కొన్నాళ్లుంటడు, టీవీ జూస్తడు, వస్తడు. నేను పోతే కొట్టు మూతబడ్తది."

ఈయన పోయే మాట ఎందుకొచ్చింది? అడిగితే ఊరుకోమన్నాడు. ములాఖత్‌కు పోయి వినోద్‌ను అడిగితే నేల చూస్తూ "నేనే కొట్టిన" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే.

మా ఆయన చట్టాన్ని కూడా పాత ధరకే లెక్కవేశాడు. పదహారు దాటినవాడి మీద హత్య కేసు పడితే పెద్దవాళ్ళతో సమానంగా విచారించవచ్చని చట్టం మారి చాలా కాలమైంది. వినోద్‌కు పదేళ్ళు పడింది. ఇరవై ఒకటి నిండేదాకా పిల్లలను వేరుగా ఉంచే చోట, ఆ తర్వాత కోర్టు మళ్ళీ చూస్తుంది. మారాడనుకుంటే విడుదల, లేదంటే మిగతా శిక్ష పెద్ద జైల్లో.

మూడు నాలుగేళ్ళకు ఆ రోజు దగ్గరికొచ్చింది. సర్కారు ఇచ్చిన వకీలు బిందు వాడికి నేర్పుతోంది: "పశ్చాత్తాపం ఉందా అని అడుగుతారు. ఉందని చెప్పాలి."

వాడు నా వైపు తిరిగాడు. "చెయ్యనిదానికి పశ్చాత్తాపం యాడికెల్లి తేవాల్నమ్మా? నాన్న కొట్టిండు. ఒట్టేయించుకున్నడు. ఇగ నాతోని కాదు."

ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ అడిగాను. ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు. "ఇంకొక్క అబద్ధమాడి బయటికి రమ్మను. వానికి పికప్పు బండి కొనిస్త."

"జైలుకు బదులు బండా?"

"ఆడదానివి, నీకు లెక్కలేం దెల్సు? కూర ఎయ్."

వేశాను. బేరం కుదిరేదాకా కోపం బయటపెట్టకూడదు. ఆయన తింటున్నంతసేపూ నేను ఒకటే ఆలోచించాను. వీడు నా కొడుకును అమ్మాడు, అదీ నన్ను అడగకుండా. సరుకు వెనక్కి తెస్తే చాలదు. అమ్మినవాడు కూడా బజారులో మిగలకూడదు.

ఉసూర్ ఊరు దాటి అడవిలో ఉన్న ఆయతు భార్య లక్మే ఇంటికి పోయాను. ఇప్ప పూలు ఎండబోస్తోంది. కూర్చోమనలేదు, గోండీలో అడిగింది.

"ఎందుకొచ్చినవ్?"

"ఎవరు కొట్టిండ్రో నీ నోట వినాలని."

"ఆనాడే చెప్పిన, నేను గూడ ఆడనే ఉంటి. మీ లెక్కలు రాసే మునీము పోలీసోళ్లకు హిందీల ఏమని చెప్పిండో నాకేమెరుక? నీ మొగడు కొట్టిండు. నీ కొడుకు మా ఆయన తల ఒళ్ళె పెట్టుకొని నీళ్లు తాపిండు." పూలు పరుస్తూనే అడిగింది, "ఇప్పుడు నీకేం గావాలె? కొడుకు గావాలెనా?"

"కొడుకు గావాలె. మొగడు లోపలికి పోవాలె."

లక్మే మొదటిసారి నా ముఖం చూసింది. నా వైపు చాప జరిపింది.

కోర్టులో నిజం చెబుతామంటే బిందు భయపడింది. "ఈ విచారణ వాడు మారాడా లేదా అనే. చేయలేదంటే పశ్చాత్తాపం లేదనుకుని పెద్ద జైలుకే పంపొచ్చమ్మా. నిజం గెలవడానికి హైకోర్టు దాకా పోవాలి." వినోద్‌ను అడిగాను. "చెప్పమ్మా. పెద్ద జైలైనా సరే, శిక్ష నా పేరు మీద ఉంటే ఉండనీ, నా పాపం కాదని తెల్వనీ" అన్నాడు.

కోర్టులో జడ్జి అడిగాడు, విడిచిపెడితే ఎవరింట్లో ఉంటాడని. మా ఆయన ఇస్త్రీ చొక్కాలో లేచి చేతులు జోడించాడు. "నా ఇంట్లనే సాబ్. కన్నతండ్రిని."

నేను లేచాను. "ఆ ఇంటికి పంపొద్దు సాబ్. ఆయతును చంపినాయన ఆడనే ఉంటడు. ఇప్పుడు మీకు దండం పెడుతున్నడు."

"దీనికి మతి లేదు సాబ్! ఇంట్ల ఉండేది, దీనికేం దెల్సు!"

వెనక బెంచీ నుంచి లక్మే లేచింది. కోర్టు దుబాసీ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె గోండీలో మొదలుపెట్టగానే మా ఆయన, ఇన్నేళ్ళ అలవాటుకొద్దీ, నా వైపు వంగి గొణిగాడు: "ఏమంటుందే?"

"నువ్వే కొట్టినవంటుంది" అన్నాను.

నేరం ఎవరిదో ఆ రోజు తేల్చలేదు కానీ, లోపల వాడి నడత చూసి వినోద్‌ను షరతుల మీద విడిచి నాకు అప్పగించారు. నేను వేరే గది తీసుకున్నాను, కోర్టు పంపిన అధికారి వచ్చి చూసిపోతుంటాడు. శిక్ష కొట్టేయమన్న అప్పీలు ఇంకా నడుస్తోంది. వాడి చదువు, వాడి మీసం మొలిచిన ఏళ్ళు నష్టమే, ఎవరూ పూడ్చలేరు. లక్మే మాట మీద కేసు మళ్ళీ తెరిచాక మా ఆయన్ను పట్టుకుపోయారు. అంగడిలో నేను సొంతంగా కొంటున్నాను. లక్మే ఊరివాళ్ళు గంపలు నా ముందే దించుతారు.

మొన్న అత్త నా గది గుమ్మంలో నిలబడి శాపనార్థాలు పెట్టింది. "మొగణ్ని జైలుకు తోలి ఏం సంపాయించినవే?"

"కొడుకును సంపాయించిన" అన్నాను. "ఇంకోటి గూడ అత్తమ్మా. నీ కొడుక్కు యాభై దాటినయి. పిల్లగాడని ఏ కోర్టూ ఒక్క రోజు తగ్గియ్యదు."