ముప్పై రోజుల నారు

రామచంద్రప్ప సార్ రిటైరైనాక కూడా వారానికి మూడు రోజులు మదనపల్లెలో బస్సెక్కి, కుప్పం యూనివర్సిటీలో ఎమ్మెస్సీ పిల్లలకు కంట్రోల్ థియరీ చెబుతున్నాడు. భార్య పోయి రెండేళ్లయింది. తాను వచ్చేసరికి పిల్లలు బోర్డు తుడిచి పెట్టి ఉంచడం ఆయనకు చిన్న సంగతి కాదు.

ఆయన పాఠం హాస్టల్ గీజరుతో మొదలవుతుంది. కుళాయి తిప్పగానే వేడినీళ్లు రావు. రాలేదని ఇంకాస్త తిప్పుతాం. వచ్చేసరికి చెయ్యి కాలుతుంది. గబుక్కున వెనక్కి తిప్పితే కాసేపటికి వణుకు. దిద్దుబాటు ఆలస్యంగా అందితే ఏ వ్యవస్థయినా ఇట్లాగే ఊగుతుందనీ, ఆలస్యం ఎంతో తెలిస్తే ఊపు ఎప్పుడొస్తుందో ముందే చెప్పవచ్చుననీ అంటాడు.

ఆయన దగ్గర ప్రాజెక్టు చేస్తున్న పుంగనూరు అమ్మాయి అంబిక ఈ లెక్కను టమోటాకు కట్టింది. రేటుంటే అందరూ నాటుతారు, కాయలన్నీ ఒక్కసారే మార్కెట్టుకు వస్తాయి, రేటు పడుతుంది, అందరూ మానేస్తారు. నాటిన అరవై రోజులకు కోత గనక ఆలస్యం అరవై అని పెట్టమన్నది సారే. పెద్దమండ్యంలో రైతు కొడుకుగా పెరిగిన ఆయనకు ఆ మాట ఇంకొకరు చెప్పాలా?

ఊపు ఆలస్యానికి రెండింతల కాలానికోసారి తిరిగొస్తుంది గనక, ఆ లెక్కన సరుకు నాలుగు నెలలకోసారి ముంచెత్తాలి. అంబిక సేకరించిన మార్కెట్ వివరాల్లో మాత్రం ఆరు నెలలకోసారి ముంచెత్తింది. ప్రాజెక్టు ఇవ్వాల్సింది సోమవారం. అది నిలబడకపోతే ఆమెకు డిగ్రీ ఈ ఏడాది రాదు, పీహెచ్‌డీకి వచ్చిన సీటూ చెయ్యి జారిపోతుంది.

ఆదివారం పొద్దున్నే సార్ పుంగనూరులో బస్సు దిగి వాళ్లింటికి వెళ్లాడు. అంబిక కళ్లు ఉబ్బి ఉన్నాయి. ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పి, మెల్లగా అంది.

"ఆలస్యం తొంభై పెడితే గ్రాఫు సరిగ్గా కూర్చుంటాది సార్. పెట్టేద్దునా?"

"తొంభై యాల అని ఎవురన్నా అడిగితే ఏం చెప్తావమ్మా?"

తొంభై ఎందుకో ఆయనకూ తెలియదు. కారణం తెలియని అంకె వేయనివ్వడం ఆయనకు ఇష్టం లేదు. ఆ పిల్ల ముఖం చూస్తే వద్దనడానికి నోరూ రాలేదు.

అంతలో అంబిక తల్లి రాజేశ్వరమ్మ చేతిసంచి పట్టుకుని బయటికొచ్చింది. సార్‌ను భోంచేసే పొమ్మంది. తాను టమోటా నారుకు నర్సరీ దాకా వెళ్లి వస్తానంది. రేటు బాగుండాదని జనం ఎగబడుతున్నారట, ఈ రోజు చెప్పి పెడితే గానీ నెల రోజులకైనా నారు చేతికి రాదట.

సార్ తల ఎత్తాడు. "నారుమడి మీరే పోసుకోరా అమ్మా?"

"మా అత్త కాలంలో పోసుకుంటాండ్రి. ఇప్పుడెవురు పోస్తాండారు సార్?"

ఆయన చిన్నప్పుడు చేను మూలన ఎప్పుడూ ఒక మడి నారు సిద్ధంగా ఉండేది. నాన్న తనకు బుద్ధి పుట్టిన రోజే నాటేవాడు. ఇప్పుడు రైతు రేటు చూసి తీర్మానించుకునేది నర్సరీలో నారు చెప్పిన రోజున. నారు రావడానికి ముప్పై, కోతకు అరవై. మొత్తం తొంభై.

సార్ అది వివరిస్తుంటే అంబిక నోరు తెరిచి వినింది. రాజేశ్వరమ్మకు మాత్రం నవ్వాగలేదు.

"ఇద్దురూ ఇన్ని నెలలు తలలు బద్దలు కొట్టుకున్నారే, నన్ను ఒక్క మాట అడిగితే ఏం పోయె?"

ఆలస్యాన్ని మొదట అరవైగా తీసుకోవడం గైడ్ అయిన తన పొరపాటనీ, సరిచేసింది రాజేశ్వరమ్మ అనే రైతు అనీ ప్రాజెక్టులో రాయమన్నాడు సార్. అంబిక వేళ్లు ఆగిపోయాయి. సార్ పొరపాటని ఎట్లా రాసేదంది.

"ఉన్నదే కదమ్మా. రాయి."

ఆమె టైపు చేసింది. ఆయన ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, తల్లి పేరులో జారిపోయిన ఒక అక్షరాన్ని చూపించి దిద్దించాడు.