ముంతలో కాపురం

నేను ఒక ముంతను. పెరుగు కోసం పుట్టి పెరుగు ముఖం చూడనిదాన్ని. అయినా మా ఇంటికి వచ్చిన చుట్టాన్ని నన్ను చూపించకుండా పంపరు. మీ ఇంట్లో ఏ ముంతకైనా ఆ మర్యాద ఉందా?

సామర్లకోట దగ్గర ఒక కుమ్మరి సారె మీద నా నడుం తిరిగింది. ఆవంలో కాలి ఎర్రబడ్డాను. సంతలో నన్ను వేలితో కొట్టి, ఖంగుమన్నాకే కొన్నది సుభాషిణి అనే ఇల్లాలు. కాకినాడలో వాళ్ల ఫ్లాటుకు చేరాక తెలిసింది, ఫ్రిజ్ అరలో నా నడుం పట్టదని. పెరుగు స్టీలు గిన్నెలోకి పోయింది, నేను అటక మీదికి పోయాను. కొలతలు చూసుకోకుండా సంబంధం కలుపుకోవడం మనుషులకు అలవాటే.

నన్ను కిందికి దింపినవి చేపలు. సుభాషిణి భర్త భీమేశ్వరరావుకు ఉన్నట్టుండి ఉప్పునీటి అక్వేరియం మీద మనసైంది. ఊరి పక్కనే సముద్రం ఉండగా, పొట్లాల ఉప్పు కొని ఇంట్లో సముద్రం కలిపాడు. హాలుకూ వంటింటికీ మధ్యనున్న పొట్టిగోడ మీద చిన్న గాజుతొట్టి పెట్టి, తెల్లచారల నారింజరంగు క్లౌన్ చేపల జంటను వదిలాడు. దాక్కునే చోటు లేక అవి బెదిరిపోతుంటే సుభాషిణి నన్ను ఉడకబెట్టి, ఎండబెట్టి, తొట్టి నడుమ ఒక పక్కకు ఒరిగేలా పడుకోబెట్టింది. ఆ పూటే జంట నాలో దిగింది.

“పెద్దది పెళ్లామట, చిన్నది మొగుడట,” అంది అత్తగారు మాణిక్యాంబ, గాజుకు ముక్కు ఆనించి. “పెద్దది కదిల్తేగానీ చిన్నది కదల్దు. మీ మావయ్యగారు గుర్తొస్తున్నారే, సుభా!”

భీమేశ్వరరావు కంటికి మాత్రం నేను ఆనలేదు. “సముద్రంలో ఇవి ఎనిమోన్‌లో కాపురం ఉంటాయి. మనింట్లో ముంతలో ఉంటున్నాయంటే నామర్దా కాదూ?”

ఎనిమోన్ అంటే చూపుకు పువ్వు, బతుకుకు వేటగత్తె. రాతికి పాదం అతికించుకుని వేళ్లలాంటి తీగలు ఆడిస్తుంది. తగిలిన చేపను చురుక్కుమనిపించి నోట్లో వేసుకుంటుంది. ఈ నారింజ చేపలను మాత్రం ఏమీ అనదు, చుట్టాల్లా చూస్తుంది. అయితే ఎనిమోన్లలోనూ రకాలున్నాయి. ఆయన మనసుపడ్డది తివాచీలా పరుచుకునే రకం. ఫోనులో దాని బొమ్మ చూపించి, “చూడు సుభా, పచ్చటి పట్టు!” అన్నాడు.

“ఎంతవుద్దండీ?”

“ఓ పెద్ద కంచమంత. ఇంకా పెరుగుద్దేమో కూడా.”

ఆమె వంటింట్లోంచి పెద్ద కంచం తెచ్చి తొట్టికి ఆనించి పట్టుకుంది. కంచం పోను మిగిలిన చోట చేప వెనక్కి తిరగడం కూడా కష్టమే. “దాన్ని ఇందులో పెట్టి, చేపల్ని సోఫా మీద కూచోబెడదావా?” అంది.

అలా తివాచీ పోయి, తీగల చివర బుడగలుండే చిన్న రకం ఖాయమైంది. దాన్ని ఎలా ఎంచారో భీమేశ్వరరావే తల్లికి చెప్పాడు, సగం ఫిర్యాదుగా. “మల్లెపువ్వులాంటి తెల్లదాన్ని చూపించాడమ్మా షాపువాడు. చాలా అరుదట. ఈవిడేమో, పాలిపోయినదాన్ని అరుదంటారేంటండీ అని వాడి మొహమ్మీదే అనేసింది. పాదం చినిగిందా, నోరు తెరుచుకుందా అని బెండకాయలు ఏరినట్టు ఏరింది.”

“ఏరకపోతే ముదురు బెండకాయలు నువ్వు తింటావేంట్రా?” అంది మాణిక్యాంబ.

వచ్చినది గోధుమవన్నె చిన్నది, గుండ్రటి ముఖం. దానికోసం నన్ను మధ్యలోంచి లేపారు. “ఇంకా ఈ కుండెందుకూ?” అని భీమేశ్వరరావు నన్ను బయటికి తీయబోతే, సుభాషిణి ఆపింది. “మూలనుంటే మీ సొమ్మేం పోయింది?” వంటింటివైపు మూలకు చేరాను. చేపలు మధ్యలో వెలిగిపోతున్న కొత్త భవంతిని ఒక చుట్టు చుట్టి, నా దగ్గరికే వచ్చి పడుకున్నాయి. గర్వపడ్డానా అని అడక్కండి. పడ్డాను.

చిక్కు అక్కడే మొదలైంది. ఎనిమోన్‌కు పాదం ఉన్నది నడవడానికి. తనకు నచ్చిన చోటు వెతుక్కుంటూ మెల్లగా జరిగేది. భీమేశ్వరరావు బ్యాంకు నుంచి రాగానే చేయి ముంచి, దాన్ని ఊడబెరికి, సోఫాలోంచి కనిపించేలా మళ్లీ మధ్య రాతిమీద పెట్టేవాడు. అది జరగడం, ఈయన పెట్టడం. చూస్తుండగా ముడుచుకుని నిమ్మకాయంత అయింది. నోరు వేలాడేసింది.

“ఇది చచ్చిందంటే నీళ్లన్నీ విషమైపోతాయి,” అంది సుభాషిణి, ఈసారి నవ్వకుండా. “ఇంత తొట్టిలో చేపలు కూడా మిగలవు.”

“అందుకేగా వెలుతురున్న చోట పెడుతున్నాను!”

“తోడేసిన గిన్నెని ఊరికే కదిపి చూస్తుంటే పెరుగు తోడుకుంటుందా అండీ? చెయ్యి తియ్యండి.”

“వాడంతేనే,” అంది మాణిక్యాంబ. “చిన్నప్పుడు బీరవిత్తు నాటి, మొలిచిందో లేదోనని పొద్దున్నే తవ్వి చూసేవాడు. మా పెరట్లో బీరపాదు లేనిది అందుకే.”

ఆయన మూతి ముడుచుకుని సోఫాలో కూర్చున్నాడు. కానీ చేయి తీశాడు. సుభాషిణి నీళ్లు లాగే పంపు మూతికి స్పాంజి కట్టింది, ఎనిమోన్ అటు నడిస్తే ముక్కలైపోకుండా. మర్నాడు ఆయన బ్యాంకుకు వెళ్లాక నన్ను ఇంకాస్త జరిపింది, వెలుతురూ నీటి వాలూ రెండూ తగిలేలా, వంటింటి గాజుకు దగ్గరగా. ఆ సంగతి అత్తగారికి కూడా చెప్పలేదు. నేనూ ఇప్పటిదాకా చెప్పలేదు.

ఎనిమోన్ మధ్యరాతిని వదిలింది. ఇసుక దాటింది. పంపు దగ్గర ఆగింది, నా మట్టి గుండె కూడా ఆగింది. తర్వాత ఇటు తిరిగింది. నా అంచు పట్టుకుని ఎక్కి, పాదం నా కడుపులో దింపి, గట్టిగా అతుక్కుంది. మర్నాటికి ముఖం విప్పింది. బుడగలన్నీ పొంగి నా మూతి నిండా విచ్చుకుంది.

నా పాత కాపురస్థులకు ఇది నచ్చలేదు. పెద్ద చేప గుమ్మంలో నిలబడి చాలాసేపు ఆలోచించింది. ముందు తోక రాసింది. వెనక్కి పోయింది. మళ్లీ వచ్చి ఈసారి ఒళ్లంతా ఆ తీగల్లో దూర్చింది. చిన్నదాని సంగతేంటంటారా? పెద్దది వెళ్లాక దానికి వేరే అభిప్రాయం ఎక్కడిది!

“వంటింట్లోకి రండి,” అని పిలిచింది సుభాషిణి. అక్కణ్నించే కనిపిస్తుంది మరి. భీమేశ్వరరావు వచ్చి, చూసి, చేయి చాపబోయి, తనంతట తానే వెనక్కి తీసుకున్నాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అప్పటినుంచి ఆయన సాయంత్రాలు అక్కడే.

వచ్చినవాళ్లకు చెబుతుంటాడు, చేపలకు తగిన ఎనిమోన్‌ను తామెలా ఎంచారో. చెప్పనివ్వండి. మనిషి చేసిన ఎంపిక రాతి దగ్గరే ఆగింది. తర్వాతది ఎనిమోన్ చేసింది, ఆ తర్వాతది చేపలు చేశాయి, మూడింటికీ నేలనిచ్చినది నేను. ఆయన మాట్లాడుతుండగానే సుభాషిణి వెల్లుల్లి పళ్లెం తెచ్చి ఆయన ఒళ్లో పెడుతుంది. ఆయన చేపల్ని చూస్తూ ఒలుస్తాడు. ఒలుస్తున్నట్టు ఆయనకు తెలియదు.