శివారు కాలువలో పందెం కారు

మాది అమలాపురానికి దిగువన, కాలువ చిట్టచివర ఉన్న ఊరు. గోదారి నీళ్ళు అందరి పొలాలూ తడిపి, ఇంకా మిగిలితే మాకు వచ్చేవి. ఎగువ వాళ్ళు నాట్లు ముగించుకునే వేళకి మేం ఇంకా గట్టు మీద నిలబడి కాలువలోకి తొంగి చూస్తుండేవాళ్ళం. ధవళేశ్వరంలో నీళ్ళు వదిలారని టముకు వేసినా మా ఊళ్ళో ఎవరూ తొందరపడరు. నీళ్ళు ఆలస్యంగా వస్తాయన్నది మాకు సూర్యుడు తూర్పున వస్తాడన్నంత నమ్మకం. గణేష్‌బాబు ఆ నమ్మకంతోనే కాలువలోకి దిగాడు. నేనూ అదే నమ్మకంతో గట్టు మీద నిలబడ్డాను.

నాకప్పుడు రోడ్డు పక్కన వెల్డింగు షెడ్డు ఉండేది. ట్రాక్టరు తొట్టెలు, కొబ్బరి పీచు మిషన్లు బాగుచేసేవాణ్ణి. వీరవేణిగారి అబ్బాయి గణేష్‌బాబు కోయంబత్తూరులో ఇంజనీరింగు చదువుకుని వచ్చాడు. అందరూ ఉద్యోగానికి వెళతాడనుకుంటే, వెనక నుంచి లారీ గుద్దేసిన మారుతీ కారొకటి కొని నా షెడ్డు ముందు దింపించాడు. దాని ఇంజను బాగానే ఉంది. ఆ ఇంజను తీసి వెనక పెట్టి, పైపులతో కొత్త బండి కడదామని, మద్రాసు దగ్గర పందేల ట్రాకులో దాన్ని తోలాలని అన్నాడు. వాళ్ళ నాన్నగారు పోయాక ఆ ఇంట్లో తల్లీకొడుకులు ఇద్దరే. ఆవిడ వద్దనలేదు, అవుననలేదు. రోజూ షెడ్డుకి కేరేజీలో అన్నం మాత్రం పంపేవారు, ఇద్దరికి సరిపడా.

ఇంజను వెనక ఎందుకు పెట్టాలో గణేష్‌బాబు నాకు ఎన్నోసార్లు చెప్పాడు. వెనకటి రోజుల్లో పందెం కార్లకీ ఇంజను ముందే ఉండేదట. అక్కణ్ణించి వెనక చక్రాల దాకా పొడవాటి షాఫ్టు, దాని మీద ఎత్తుగా కూర్చున్న మనిషి. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక ఇంగ్లండులో తండ్రీకొడుకులు ఇద్దరు మామూలు షెడ్డులో చిన్న కారు కట్టారట. మోటారుసైకిలు ఇంజను తెచ్చి, గొలుసుతో తిప్పాలి కాబట్టి వెనక చక్రాలకి దగ్గరగా, మనిషి వీపు వెనకే పెట్టారట. ఆ బుల్లి బండి మలుపుల్లో పెద్ద కార్లని దాటేసింది. కొన్నేళ్ళు పెద్ద కంపెనీల వాళ్ళు నవ్వారు, ఆ తర్వాత వాళ్ళూ ఇంజన్లు వెనక్కే మార్చుకున్నారు. బరువంతా బండి నడుం దగ్గర ఉంటే తిప్పగానే తిరుగుతుంది, తొక్కగానే వెనక చక్రాలు నేలని పట్టుకుంటాయి. మనిషి నేలకి ఆనుకుని పడుకున్నట్టు కూర్చుంటాడు, ముక్కు సన్నంగా ఉంటే చాలు.

"చెడ్డ గుణం ఏమీ లేదా బాబూ?" అని అడిగాను.

"ఒకటుంది బాబాయ్. పట్టు తప్పితే చెప్పకుండా తిరిగిపోద్ది, బొంగరంలాగ."

మొదటిసారి మేం ఇంజనుని వెనక్కి తిప్పి బిగించాం. ముందున్నప్పుడు దాని మొహం బయటికి ఉండేది, వెనక్కి వెళ్ళినా మొహం బయటికే ఉండాలనుకున్నాం. మొదటి గేరు వెయ్యగానే కారు వెనక్కి నడిచి, షెడ్డు తడిక తోసుకుని పక్కనున్న అప్పాయమ్మ గేదెల పాకలో దూరింది. నాలుగు గేర్లూ వెనక్కే, రివర్సు ఒక్కటే ముందుకి. అప్పాయమ్మ పేడ చేతులతోనే బయటికి వచ్చి, "పందెం ఎటు పరిగెట్టాలో కనుక్కున్నారా బాబూ, లేకపోతే మా గేదెతోనా మీ పోటీ?" అంది. మళ్ళీ అంతా ఊడదీసి తిప్పి బిగించేసరికి వైశాఖం వచ్చేసింది.

బండి తయారయ్యాక చూస్తే మనిషి, అతని వీపుకి ఆనుకుని పెట్రోలు ట్యాంకు, ట్యాంకు వెనకే ఇంజను, అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. కాళ్ళు ముందు చక్రాల దాకా చాపుకోవాలి. గణేష్‌బాబు ఒంటికి కొలిచి పైపులు వంచాం, చొక్కా కుట్టినట్టు. ఎక్కితే భుజాలు రెండు పక్కలా తగిలేవి. అతనికి అది బాగుండేది. నాకు చూడడానికే ఊపిరాడేది కాదు.

తోలి చూడడానికి చోటు లేదు. రోడ్ల మీదంతా వడ్లు ఎండబోసి ఉన్నాయి. ముందేడు దీపావళి ముందు తుపాను వచ్చి, కొబ్బరి చెట్లన్నీ కూలి కాలువలో పడ్డాయి. అందుకని ఆ వేసవిలో నీళ్ళు కట్టేశాక ప్రభుత్వం వాళ్ళు మిషన్లు పెట్టి ఆ చెట్లూ, ఎన్నో ఏళ్ళ పూడికా తీసేశారు. అడుగంతా చదునుగా, ఎండకి గట్టిపడి, సిమెంటు చేసినట్టుంది. రెండు పక్కలా ఎత్తయిన గట్లు. పశువుల రేవు దగ్గర దిగితే వంతెన దాకా అడ్డం లేదు. రోజూ పొద్దున్నే అక్కడ తోలేవాడు.

నీళ్ళు వదిలారని టముకు వేసిన మర్నాడు కూడా దిగాడు. మద్రాసు వెళ్ళే ముందు ఇంకొక్కసారి చూసుకుంటానన్నాడు. మనదాకా రావడానికి ఇంకా చాలా టైముందిలే అని నేనూ అన్నాను. పూడిక పోయిన కాలువలో నీళ్ళకి అడ్డేముందని మా ఇద్దరికీ తట్టలేదు.

నేను వంతెన ఇవతల మలుపు దగ్గర గట్టు మీదున్నాను. కారు చప్పుడు వినబడుతోంది. అప్పుడే వంతెన కింద నుంచి ఏదో పాకుతూ రావడం చూశాను. నల్లగా, పలచగా, ముందు ఎండుటాకులూ నురగా నెట్టుకుంటూ, నాలిక చాపినట్టు. అది నీళ్ళని నాకు అర్థమయ్యేలోపు కారు మలుపు తిరిగింది. ముందు చక్రాలు తడిలోకి సూటిగానే వెళ్ళాయి. వెనక చక్రాలు పట్టు తప్పాయి. అతను చెప్పినట్టే, చెప్పకుండా తిరిగింది. తిరుగుతూనే వెళ్ళి ముక్కుతో వంతెన రాతికట్టుని కొట్టింది.

నేను గట్టు దిగి వెళ్ళేసరికి అతను కళ్ళు తెరిచే ఉన్నాడు. పైకి దెబ్బలేమీ లేవు. నేను చంకల కింద చేతులేసి లాగాను. నడుం దాకా వచ్చాడు, ఆగిపోయాడు. ముక్కులో అడ్డంగా ఉన్న పైపు వంగి మోకాళ్ళకి దిగువన రెండు కాళ్ళ మీదా పడింది, కాళ్ళు దానికీ స్టీరింగు రాడ్డుకీ మధ్య ఇరుక్కున్నాయి.

"ఎడం పాదం తెలవట్లేదు బాబాయ్. ఉందా?"

ఉందని చెప్పాను. నాకు కనబడలేదు.

రోజూ వెంట తెచ్చుకునే గ్యాసు కటింగు సిలిండర్లు గట్టు మీద తోపుడుబండిలోనే ఉన్నాయి. ఆ పైపుని మంటతో కొయ్యడం చిటికెలో పని. వాటికోసం రెండడుగులు వేసి ఆగిపోయాను. పెట్రోలు వాసన. అతని వీపు వెనక ట్యాంకు పగిలి, కింద నీళ్ళ మీద రంగురంగుల తెట్టు కడుతోంది. ఆ బండిలో ఎక్కడ మంట పెట్టినా అతని వీపుకి పెట్టినట్టే. పనిముట్ల సంచిలోంచి ఇనుము కోసే హ్యాక్సా తీసుకుని ముక్కు రేకు పీకేసి, లోపలికి తల దూర్చి కొయ్యడం మొదలుపెట్టాను. రంపం పూర్తిగా ఆడడానికి చోటు లేదు. వేలెడు ముందుకి, వేలెడు వెనక్కి.

కాలువ నీళ్ళు చూసుకునే లస్కరు సామ్యేలు నీళ్ళ వెంబడే గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. మమ్మల్ని చూసి సైకిలు అక్కడే పడేశాడు. ఎగువ లాకు దగ్గరికి వెళ్ళి నీళ్ళు ఆపే తలుపులు దించుతానన్నాడు.

"దించినా, దాటొచ్చేసిన నీళ్ళు మాత్రం ఆగవు సత్యంగారూ. మొలలోతు వచ్చేద్ది," అని నాతో చెప్పి, గట్టు మీద నుంచి పొలాల్లో వాళ్ళని కేకేసి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

నిలబడ్డ మనిషికి మొలలోతు. నేలకి ఆనుకుని కూర్చున్న మనిషికి అది తల దాటి పైకి. మేం ముగ్గురం లెక్కవేసుకున్నది అదే.

పొలాల్లోంచి మనుషులు వచ్చారు. కారుని ఎత్తబోయారు. వెనక భాగం కదల్లేదు, బురదలో ఇంకా దిగింది. నీళ్ళు గణేష్‌బాబు నడుం దగ్గరికి వచ్చాయి. అతను మెల్లిగా అన్నాడు.

"వెనక పట్టకండి. బరువంతా అక్కడే ఉంది. ముక్కులో ఏమీ లేదు బాబాయ్, నా కాళ్ళే. ముక్కు ఎత్తి గట్టు మీదకి లాగండి."

కొబ్బరి దింపే వాళ్ళ మోకు తెచ్చి ముందు ఇరుసుకి కట్టారు. ముక్కు పక్కకి జరిపితే మంచంకోడు జరిపినంత తేలిగ్గా జరిగింది. గట్టు వైపు తిప్పి, అందరూ పట్టి పైకి లాగారు. వెనక భాగం నీళ్ళలోనే ఉండి, ముక్కు గట్టు మీదకి లేచింది. గణేష్‌బాబు కాళ్ళు పైకి, తల వెనక్కి, ఆకాశం చూస్తూ పడుకున్నట్టయ్యాడు. బండితోపాటు అతని తల కూడా మూరెడు పైకి వచ్చింది. కాళ్ళ మీద బరువు పడి అప్పుడొక్కసారి అరిచాడు, అంతే. లాగినవాళ్ళు మోకు వదలడానికి లేదు. వదిలితే బండి జారి అతన్ని ముంచుతుంది.

నేను ముక్కులో తలపెట్టి కోస్తున్నాను. నాకు అతని పాదాలూ, పైపూ తప్ప ఏమీ కనబడదు. నీళ్ళు ఎక్కడున్నాయో అతనే చెబుతున్నాడు. బొడ్డు దగ్గర, బాబాయ్. కొంచెం సేపటికి, వీపంతా తడిసింది, బాబాయ్. బ్లేడు విరిగింది. రెండోది వేశాను. గబగబా కోస్తే అదీ విరుగుతుంది, మెల్లిగా కోస్తే నీళ్ళు ఆగవు. చెమట కళ్ళలోకి కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి పైకి రాదు. ఇరుక్కుంది అతనొక్కడే కాదనిపించింది నాకు.

అప్పుడు వంతెన మీద ఆడవాళ్ళ మాటలు వినబడ్డాయి. కొత్త నీళ్ళు వచ్చాయని తెలిసి, ఎప్పటిలాగే పసుపూ కుంకుమా పళ్ళేల్లో పెట్టుకుని, ఆకు దొన్నెల్లో దీపాలు వెలిగించి గోదారమ్మకి ఎదురొచ్చారు. వంతెన పక్కనున్న రేవు మెట్ల దగ్గర వాటిని నీళ్ళలో వదులుతారు. నీళ్ళ మీద పెట్రోలు. నేను తల బయటికి తీసి, "దీపాలు వదలకండమ్మా, దీపాలు," అన్నాను. అంత దూరం వినబడలేదు. వాళ్ళకి మేం కనబడుతున్నాం గాని సంగతి తెలియడం లేదు.

అందరికన్నా ముందు వచ్చింది వీరవేణిగారు. హారతి పళ్ళెం ఆవిడ చేతిలోనే ఉంది, కర్పూరం వెలుగుతోంది. కొడుకుని చూశారు. నీళ్ళ మీద తెట్టు చూశారు. వెలుగుతున్న హారతి మీద అరచెయ్యి పెట్టి నొక్కేశారు. వెనక్కి తిరిగి, "ఆర్పండి. అన్నీ ఆర్పేయండి," అన్నారు. అమ్మవారికి తెచ్చిన దీపం ఎలా ఆర్పుతామని ఒక ముసలావిడ గొణిగింది. వీరవేణిగారు ఆమె చేతిలో దొన్నె తీసుకుని చీర కొంగులో మూసి ఆర్పారు. అది చూసి మిగతావాళ్ళూ ఆర్పారు.

పళ్ళెం గట్టు మీద పెట్టి, చీరతోనే కాలువలోకి దిగి, కారు వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. నీళ్ళు గణేష్‌బాబు మెడ కిందికి వచ్చేశాయి. ఆవిడ కొడుకు తల కింద రెండు చేతులూ పెట్టి పైకెత్తి పట్టుకున్నారు.

"అమ్మా, చెయ్యి కాలిందా?"

"మాట్లాడకు. నీళ్ళు నోట్లోకి పోతాయి."

"మద్రాసు వెళ్ళనులే అమ్మా."

"వెళుదువుగాని. ముందు బయటికి రా."

ఆ తర్వాత రంపం చప్పుడూ, మోకు పట్టినవాళ్ళ ఊపిరీ. నీళ్ళు ఎక్కడున్నాయో చెప్పే గొంతు కూడా ఆగిపోయింది. ఎందుకాగిందో చూడాలని ఉంది, చూస్తే చెయ్యి ఆగుతుంది. చూడలేదు. పైపు మూడొంతులు తెగాక బ్లేడు మళ్ళీ విరిగింది. సంచిలో ఇంక లేదు. రంపం అవతల పారేసి, నా పాదం ముందు ఇరుసుకి తన్నిపెట్టి, రెండు చేతులతో పైపు పట్టుకుని పైకి వంచాను. నా బలం కాదది. భయం. లోహం మూలిగినట్టయి, తెగిన చోట నోరు తెరుచుకుంది. కాళ్ళు వదులయ్యాయి.

"లాగండి," అన్నాను.

వీరవేణిగారూ, ఇంకో ఇద్దరూ భుజాలు పట్టి లాగితే కాళ్ళు నా చేతుల మధ్య నుంచి జారాయి. నేను ఎడమ పాదం వదలకుండా పట్టుకుని, దాని వెంటే ముక్కులోంచి బయటికి వచ్చి, వాళ్ళతోపాటు గట్టెక్కాను. అతన్ని గడ్డి మీద పడుకోబెట్టారు. దగ్గాడు, నీళ్ళు కక్కాడు, మళ్ళీ దగ్గాడు. ఎముక విరిగిందని చూడగానే తెలుస్తోంది. పాదం చల్లగా, నీలంగా ఉంది.

సామ్యేలు లాకు దగ్గర్నుంచి మనిషిని పంపించాడు. తలుపులు ఇంకా దించే ఉంచాను, లాకు కింద మిగతా ఊళ్ళవాళ్ళు వచ్చి గొడవ చేస్తున్నారు, మనిషి దక్కితే ఎత్తేస్తాను, బండి కూడా లాక్కుంటామంటే ఇంకాసేపు చూస్తాను, ఏ సంగతో చెప్పమన్నాడట. అందరూ గణేష్‌బాబు మొహం చూశారు. మోకు పట్టినవాళ్ళు ఇంకా పట్టుకునే ఉన్నారు, వాళ్ళ అరచేతుల్లో మోకు దిగి నెత్తురు వస్తోంది.

"ఎత్తెయ్యమను," అన్నాడు. "వీళ్ళ చేతులు కోసుకుపోతున్నాయి. వదిలెయ్యండన్నా."

మోకు వదిలారు. కారు చప్పుడు లేకుండా వెనక్కి జారింది. నేను చూడలేదు. నా చేతుల్లో పాదం ఉంది, దాన్ని రుద్దుతూనే ఉన్నాను, తెలుస్తోందా బాబూ అని అడుగుతూనే ఉన్నాను. అతను కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపుతున్నాడు. వీరవేణిగారు కాలిన అరచెయ్యి ఒళ్ళో పెట్టుకుని నా చేతులకేసే చూస్తున్నారు. ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఎవరో ట్రాక్టరు తెచ్చారు. ఎత్తబోతుంటే అతను కళ్ళు తెరిచాడు.

"బాబాయ్, కాలు వదులు. నొప్పెడుతోంది."

"ఏ కాలు బాబూ?"

"నువ్వు పట్టుకున్నదే."

వీరవేణిగారు మొహం పక్కకి తిప్పుకున్నారు. నేను వదల్లేదు. అమలాపురం ఆసుపత్రి గుమ్మం దాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను, అతను దారంతా నన్ను తిడుతూనే ఉన్నాడు.