మూడు మాటల ప్రార్థన

కొబ్బరాకును ఎడమచేతి బొటనవేలి కింద నొక్కిపెట్టి, కుడిచేతి చాకుతో ఒక్క లాగు లాగితే ఆకు ఒకవైపుకి, ఈనె ఒకవైపుకి విడిపోతాయి. కనకరత్నం పొద్దున్నుంచీ అదే లాగు లాగుతూ పాక ముందు కూర్చుంది. చుట్టూ పచ్చని చీలికలు మోకాలెత్తున పేరుకున్నాయి. సన్నటి మనిషి, మెడ మీద నరాలు తేలి ఉంటాయి. కుడి బొటనవేలి పక్కన చర్మం కాయకాసి, చాకు తగిలినా తెలియనంత మొద్దుబారింది. పేటలో ఏ ఇంటి వాకిలి శుభ్రంగా కనిపించినా అక్కడ ఊడ్చింది ఆమె కట్టిన చీపురే. ఆ సంగతి ఎవరూ అనరు, ఆమెకూ తట్టదు.

కాలువగట్టు మీదుగా వెళుతున్న పాస్టరమ్మగారు ఆమెను చూసి ఆగారు.

"రత్నమ్మా, మధ్యాహ్నం ఎలీసమ్మ టీచరుగారింట్లో కూడిక. ముగింపు ప్రార్థన నీ వంతు."

"నాదాండీ! వద్దండి బాబూ, నవ్వుతారండి."

"నవ్వితే నవ్వనీ. ఆవిడ రాత్రి కూడా ఏడుస్తానే ఉన్నారంట. మాట పడిపోయిన కాణ్ణించీ అదే వరస. ఇంక ఇంటికాడే చూసుకోండని డాక్టరుగారు చెప్పేసేరు. అంత ప్రార్థన చేసిన మనిషి ఆ ఏడుపుతోనే వెళ్ళిపోతారేమోనని నా బెంగ."

"ఆయ్," అంది కనకరత్నం. ఆవిడ వెళ్ళిపోయాక చాకు చాలాసేపు ఆకు మీద కదలలేదు.

పక్షవాతం రాకముందు ఎలీసమ్మ టీచరుగారి ప్రార్థన వినని చెవి ఆ పేటలో లేదు. బళ్ళో తరాలకు తరాల చేత అక్షరాలు దిద్దించిన గొంతు అది, మైకు అక్కర్లేదు. రోజూ సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని, కాలువగట్టు ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒక్కొక్క గడపనూ పేరుపెట్టి దేవుడికి అప్పజెప్పేవారు. నూకయ్య కాలిపుండు దగ్గర్నుంచి కువైట్లో జీవన్ ఉద్యోగం దాకా ఏదీ వదిలేవారు కాదు.

పేటలో ఆడవాళ్ళకి ప్రార్థన నేర్పింది కూడా ఆవిడే. శిష్యులు గురువును మించిపోయారు. దోహాలో ఉన్న కొడుకు కోసం బేబి ప్రార్థన మొదలుపెడితే, వాడుండే వీధీ, ఆ వీధి మలుపులో రొట్టెల దుకాణమూ, మెట్లెక్కాక ఎడమచేతివైపు గదీ అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది, దేవుడు దారి తప్పుతాడేమోనని. ఇంకొకావిడ పిల్లి మీదా ఎలక మీదా పెట్టి కోడలి వంటను దెప్పేది. కళ్ళు మూసుకుని దేవుడితో చెప్పే మాటకు ఎదురు చెప్పే దారి లేదు. ఆఖర్న ఆ కోడలు కూడా ఆమేన్ అనవలసి వచ్చేది.

కనకరత్నం వంతు వస్తే మాత్రం అందరూ ఒంటికన్ను తెరిచి చూసేవారు. ఆమె కొంగు తలమీదికి లాక్కుని, "నీకు తెలుసు తండ్రీ," అనేది. అంతే, ఆమేన్. కట్టె, కొట్టె, తెచ్చె అన్నట్టుండే ఆ ప్రార్థనకు పేటంతా నవ్వుకుంది. "దేవుడికి మిస్డ్ కాల్ ఇచ్చినట్టుందే రత్నమ్మా," అనేది బేబి. టీచరుగారు నవ్వేవారు కాదు గానీ, "కాస్త విప్పి చెప్పాలి రత్నం. అడగందే అమ్మైనా పెట్టదు," అని మందలించేవారు. "అలాగేనండి," అనేది కనకరత్నం. మళ్ళీ వారం అదే మాట.

ఎండెక్కాక చీపుర్లు నెత్తికెత్తుకుని బయల్దేరింది. దారి పొడుగునా ఒక పెద్ద ప్రార్థన కూడబలుక్కుంది. కనికరంగల తండ్రీ, మహోన్నతుడవైన తండ్రీ, అని రెండుసార్లు బాగానే వచ్చింది. ఆ తర్వాత ఏం చెప్పాలో తోచలేదు. దుర్గారావు కొట్లో చీపుర్లు దించి, కాలువ లాకుల దగ్గర కాళ్ళు కడుక్కుని, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. తిరిగి పేట చేరేసరికి మహోన్నతుడు కూడా జారిపోయాడు.

కూడికకి ఇంకా వేళ కాలేదు. అయినా టీచరుగారింటికే నడిచింది. కూతురు లిడియా గుమ్మంలో ఎదురొచ్చింది. తల్లిలాగే ఆమె కూడా టీచరు, సెలవు పెట్టి దగ్గరుండి చూసుకుంటోంది. నిద్రలేక కళ్ళు లోపలికి పోయాయి.

"కాసేపు కూర్చో రత్నమత్తా, నేను జావ కాస్తాను. చిన్నపిల్లల పలక తెచ్చి ఇచ్చేను. ఎడం చేత్తో ఏదో రాస్తన్నారు. ఒక్క అక్షరం కుదరట్లేదు. నాకర్థం కావట్లేదంటే మళ్ళీ ఏడుపు."

మంచం కిటికీ పక్కనే ఉంది. ఒకప్పుడు గుమ్మం నిండుగా కనిపించిన మనిషి దుప్పటి కింద ఇంతే అయిపోయింది. నోరు ఒక పక్కకి లాగేసింది. గుండెల మీద పలక, ఎడమచేతి వేళ్ళ మధ్య సుద్దముక్క. పలకనిండా వంకర గీతలు.

కనకరత్నానికి చదువు రాదు. అందుకని పలక చూడకుండా మొహమే చూస్తూ మంచం పట్టె దగ్గర కింద కూర్చుంది. బయట సైకిలు చప్పుడైంది. కాలికి గుడ్డ చుట్టుకున్న నూకయ్య వెళుతున్నాడు. టీచరుగారి కళ్ళు అతని వెంట పరిగెత్తాయి, సుద్దముక్క గబగబా పలక మీద గీసింది. కాస్సేపటికి బళ్ళో పిల్లల ఆటో వెళ్ళింది. మళ్ళీ కళ్ళు, మళ్ళీ సుద్ద. అక్షరం తిరగక మళ్ళీ కన్నీళ్ళు. బేబి కోడలు బిందెతో వెళ్ళినప్పుడూ అంతే.

కనకరత్నం లేచి మంచం మీదికి వంగింది.

"టీచరుగారూ, వాళ్ళకోసమేనాండీ ఈ రాయడం? రోజూ మీరు చెప్పేవోరు కదా, ఇప్పుడు మీ నోరు పోయింది. ఇంక వీళ్ళ సంగతి ఆయనకెవరు చెబుతారనాండీ?"

టీచరుగారి తల మెల్లిగా, అవునన్నట్టు ఆడింది. దిండు తడిసిపోయింది.

ఎంత బరువు మోస్తోందమ్మా ఈ తల్లి, అనిపించింది కనకరత్నానికి. పేట మొత్తం తన నాలుక మీదే నిలబడి ఉందనుకుంది పిచ్చితల్లి. ఇన్నేళ్ళలో ఎవరికీ విప్పి చెప్పని మాట అప్పుడు కనకరత్నం నోటికొచ్చింది.

"తొంభై ఆరు తుపానుకి మా అబ్బాయి యాకోబు వేటకెళ్ళేడు కదండీ. బోటూ రాలేదు, మనిషీ రాలేదు. మీరొచ్చి ప్రార్థన చెయ్యి రత్నం అన్నారు. ఏం చెప్పనండీ? ఏ నీళ్ళల్లో ఉన్నాడో తెలీదు. వెతికిపెట్టు తండ్రీ అందామంటే ఎక్కడని చెప్పను? అందుకని, నాకు తెలీదు గానీ నీకు తెలుసు తండ్రీ, అన్నాను. ఆ రాత్రి నిద్రపట్టిందండి నాకు. సమాధుల పండక్కి అందరూ పూలు పట్టుకెళ్తారు. నాకు పువ్వు పెట్టడానికి చోటు లేదు. అయినా యాకోబు నాకు తప్పిపోయేడు గానీ, ఆయనకి తప్పిపోలేదండీ."

టీచరుగారి చేతిలో సుద్ద ఆగిపోయింది.

"మీరు చెబితేనే ఆయనకి తెలిసిందంటారా? అన్నీ తెలిసే మీ చేత చెప్పించుకున్నాడండి. మీ గొంతంటే ఆయనకిష్టం, అంతే. నూకయ్య కాలు, జీవన్ బాబు ఉద్యోగం, మీరు మర్చిపోయిన నాడు కూడా ఆయన మర్చిపోలేదు."

ఎలీసమ్మ టీచరుగారి గొంతులోంచి గురగురమని ఏదో చప్పుడొచ్చింది. కనకరత్నం హడిలిపోయి లిడియాను కేకెయ్యబోయింది. కానీ వంకరపోయిన ఆ నోటి చివర మెరిసింది నవ్వు. వెనకబెంచీ పిల్ల లెక్క చేసేస్తే టీచరు నవ్వే నవ్వు. సుద్దముక్క దుప్పటి మీదికి జారింది. ఆవిడ ఎడమ అరచేత్తో పలకంతా తుడిచి, ఆ సుద్దచెయ్యి తెచ్చి కనకరత్నం తల మీద పెట్టారు.

ఆడవాళ్ళు వచ్చారు. పాస్టరమ్మగారు గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఏంటమ్మా ఇది, టీచరుగారు నవ్వుతున్నారు!"

లిడియా జావగిన్నె పట్టుకుని వచ్చి తల్లి మొహం చూసి, గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడింది. పాట ఎత్తుకున్నారు. కంజీర మోగింది. బేబి మామూలుగానే దోహా వీధులన్నీ తిప్పుకొచ్చింది. కాలువగట్టు మీద నూకయ్య సైకిలు మళ్ళీ ఇటు వచ్చింది. టీచరుగారు అతన్ని తనివితీరా చూసి, సుద్ద కోసం వెతుక్కోకుండా, హాయిగా కళ్ళు మూసుకున్నారు.

"రత్నమ్మా, ముగించు," అన్నారు పాస్టరమ్మగారు.

కనకరత్నం కొంగు తలమీదికి లాక్కుంది. కూడబలుక్కున్న మాట ఒక్కటీ లేదు, వాటి అవసరమూ కనబడలేదు. ఇన్నేళ్ళూ గొణిగిన మాటనే ఈసారి కాలువ అవతలి గట్టుకు వినబడేలా అంది.

"నీకు తెలుసు తండ్రీ!"

ఎవరూ నవ్వలేదు, ఒంటికన్ను తెరిచి చూడనూ లేదు. ఒక్క క్షణం ఆ గదిలో ప్రతి మనిషీ తను ఎవరికీ చెప్పుకోలేనిది తలుచుకుంది. ఆ మీదట ఆమేన్ అన్న గొంతులకి పెంకులు అదిరాయి.

అందరి కళ్ళూ తెరుచుకున్నాయి, టీచరుగారివి తప్ప. ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, లిడియా తల్లి గుండెల మీద వాలిపోయింది. ఏడుపు రేగింది. కనకరత్నం కూడా ఏడ్చింది, కానీ లోపల పండగలాంటి సంతోషం పొంగుతుంటే ఆపుకోలేకపోయింది. పందెం గెలిచి ఇంటికొచ్చిన మనిషిలా ఉంది టీచరుగారి మొహం. లిడియాను దగ్గరికి తీసుకుని, "ఏడవకమ్మా, టీచరుగారు నవ్వుతానే వెళ్ళేరు," అని, అందరికంటే ముందు తనే పాట అందుకుంది.

పక్క సర్దడానికి ఎవరో పలక తీసి కిటికీలో పెట్టారు. అరచేతి తుడుపు చారలు తప్ప దాని మీద ఒక్క అక్షరం లేదు.