వన్ గ్రామ్ మొగుడు

తడి పసుపు వాసన...

తంగేడు పూల వాసన. గునుగు పూలకు అద్దిన రంగుల వాసన. ఎల్‌బీ నగర్ చౌరస్తా ఆ పూట పూల వాసన వేసింది. డీజిల్ పొగ లేదు. బస్సులు బంద్. సకల జనుల సమ్మె.

నడిరోడ్డు మీద పొయ్యిలు. పొయ్యిల మీద గుండిగలు. వంటా వార్పూ అంతా అక్కడే. ఆ పక్కన బతుకమ్మలు. వాటి వెనక బల్లలు కలిపి, తివాచీ పరిచిన వేదిక.

వేదిక మీద నాగేశ్వరి నిలబడి ఉంది. ఇంకాసేపట్లో ఆమెకు సన్మానం.

ఎందుకూ?

మొగుడు జైల్లో ఉన్నందుకు.

నాగేశ్వరికి మొగుడే లేడు. ఇప్పుడు లేడని కాదు... ఎప్పుడూ లేడు.

నకిరేకల్ దగ్గరి పల్లె ఆమెది. కొత్తపేటలో ఒక ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం. నలభైకి దగ్గర పడింది. పెళ్ళి వద్దనుకుంది, చేసుకోలేదు. జనానికి అది చాలదు. ప్రేమలో దెబ్బ తిన్నదా, జాతకంలో దోషమా, ఒంట్లో లోపమా... ఏదో ఒక కథ కావాలి వాళ్ళకు. కథేం లేదు.

ఇల్లు కావాలి. అదొక్కటే ఆమెకు కావలసింది.

చైతన్యపురిలో వెతికింది. సరూర్‌నగర్‌లో వెతికింది. ఎక్కడికి పోయినా ఒకటే ప్రశ్న — ఫ్యామిలీయేనా? ఒక్కదాన్నే అంటే చాలు, అప్పుడే టూలెట్ బోర్డు కట్టిన ఆసామికి ఉన్నట్టుండి బావమరిది గుర్తొచ్చేవాడు. ఆ పోర్షన్ వాడికి మాటిచ్చేశాడట. ఇంతమంది బావమరుదులు ఈ ఊళ్ళో ఎక్కడ కాపురముంటున్నారో ఆ దేవుడికే తెలియాలి.

విసిగిపోయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో వన్ గ్రామ్ గోల్డ్ షాపుకు పోయింది. గొలుసు కొన్నది. పుస్తెలు కొన్నది. పక్క షాపులో మట్టెలు కొన్నది. ఆరు నెలలు గ్యారంటీ మేడం, అంది షాపులో అమ్మాయి. చాలామంది మొగుళ్ళకు ఆ మాత్రం గ్యారంటీ కూడా ఉండదు కదా అనుకుంది నాగేశ్వరి.

మర్నాడే ఇల్లు దొరికింది.

జోగారావు, కోటేశ్వరమ్మల ఇల్లు. తెనాలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ దంపతులు. కోటేశ్వరమ్మ చూపు నాగేశ్వరి ముఖం మీద ఆగలేదు. మెడ మీదికి దిగింది. కాలివేళ్ళ దాకా పోయింది. తృప్తిగా తిరిగొచ్చింది.

"మీ ఆయనేం చేస్తారమ్మాయ్?"

"బయట ఊళ్ళో ఉంటారండీ."

అంతే. లోకం ఎంత మంచిదైపోయిందో! కూరల బండాయన అమ్మా అన్నాడు. శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలుపొచ్చింది. ఇదివరకు తలనొప్పి అంటే 'పెళ్ళి చేసుకోకపోతే అంతే మరి' అనేవారు పాత చోట. ఇక్కడి నోళ్ళు 'కాస్త టీ తాగు, తగ్గిపోతుంది' అన్నాయి. అదే తల. అదే నొప్పి.

గొలుసు రంగు దిగేది. చెమటకు నల్లబడేది. ఏడాదికోసారి మొగుడికి మెరుగు పెట్టించేది.

పెళ్ళయితే ఆరోగ్యమట. ఆయుష్షట. మనశ్శాంతట. ఆ మనశ్శాంతినే కదా రోజూ పొద్దున్నే సూదితో తీసి సీసాల్లో నింపుతోంది! బీపీలు, షుగర్లు, థైరాయిడ్లు... చెయ్యి చాపమంటే మొగుడి ముఖం చూసే ఇల్లాళ్ళు. ఏం బాధమ్మా అంటే మా ఆయన్ని అడగండి అనే ఇల్లాళ్ళు. ఛీ, ఏం బతుకులివి అనుకునేది. మళ్ళీ తన మెడ చూసుకునేది. ఆ ఛీ తనకూ తగిలేది.

కోటేశ్వరమ్మకు జోగారావు నోటి నుంచి రోజుకు ఒక్క మాట దక్కుతుంది. కంచం ముందు కూర్చుని — ఉప్పు. మిగతా మాటలన్నీ టీవీతోనే. అయినా ఆవిడ అదృష్టవంతురాలు. ఆవిడే చెప్పింది.

ఎదురింటి అండాలమ్మది నల్లగొండ. కాలనీ ఆడవాళ్ళందరినీ ఉద్యమంలోకి దింపిన మనిషి. పోలీసు జీపుకు ఎదురు నిలబడగలదు. ఇంట్లో మొగుడు తాగొచ్చి గిన్నెలు విసురుతాడు. ఆ మొగుడు చల్లగుండాలని ప్రతి శుక్రవారం ఒక్కపొద్దు. "ఇసిరితే ఇసిరిండు గని... ఇంటికొచ్చే ఇసిరిండు గదా బిడ్డా" అంటుంది.

కోటేశ్వరమ్మది సమైక్యం. అండాలమ్మది తెలంగాణ. ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు. ముగ్గు వేసేటప్పుడు కూడా మొహాలు చెరోవైపు. కానీ ఆడదన్నాక మొగుడుండాలి అనే ముచ్చట వస్తే... ఆ ఒక్కదాంట్లో రాష్ట్రం ఎప్పుడూ సమైక్యమే.

అరెస్టులు మొదలయ్యాయి. రోజుకో పేరు, రోజుకో జైలు. అండాలమ్మ బుర్రలో ఏదో వెలిగింది. నాగేశ్వరి మొగుడు ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఇంటికి రాలేదు. ఆమె ఎవరికీ ఏమీ చెప్పదు. పైగా నల్లగొండ బిడ్డ. ఇంకేం కావాలి!

"మీ ఆయన జైల్ల ఉన్నడు గదా? నాకు చెప్పకు బిడ్డా... నాకెర్కే."

నాగేశ్వరి నోరు తెరిచింది. కాదంటే, మరి ఎక్కడున్నాడు? ఆ ప్రశ్న వెనక ఇల్లుంది. ఇంటి వెనక బావమరుదులున్నారు. నోరు మూసుకుంది.

ఆ మౌనాన్ని త్యాగం అన్నారు. జొన్నరొట్టెలు వచ్చాయి. గోంగూర పచ్చడి వచ్చింది. కంటికి కనిపించని ఆ మొగుడు కాలనీలో ఉన్న మొగుళ్ళందరికంటే మంచోడైపోయాడు. తాగడు. తిట్టడు. టీవీకి అడ్డం కూర్చోడు. కోటేశ్వరమ్మ మాత్రం బెదిరిపోయింది. "విడుదలైతే ఇక్కడికే వస్తారా అమ్మాయ్? మా జోలికి రారు కదా?" అని గుసగుసగా అడిగింది.

చివరికి... ఈ వేదిక.

సన్మానం చూడాలన్న సరదా ఆపుకోలేక కోటేశ్వరమ్మ కూడా వచ్చింది. సమైక్యాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి వచ్చింది. జనం వెనక నిలబడి మెడ సాచి చూస్తోంది.

అండాలమ్మ మైకు అందుకుంది. "మన నాగేశ్వరి! తెలంగాణ కోసం పెనిమిటిని జైలుకు పంపిన వీరపత్ని!"

చప్పట్లు. అండాలమ్మ మైకు స్టాండుకు పెట్టి, మడిచిన శాలువా ఉన్న పసుపు కుంకుమల పళ్ళెం చేతికి తీసుకుంది.

అప్పుడు, పొయ్యి దగ్గర గంజి వంచుతున్న సైదమ్మ చేతులు తుడుచుకుంటూ వేదిక దగ్గరికి వచ్చింది. ఆమె మొగుడు అంతయ్య. రైలుకు అడ్డం పడుకున్న మాట నిజం. జైలుకు పోయిన మాట నిజం. జబ్బుతో బయటికొచ్చి నిరుడు కన్నుమూసిన మాటా నిజం. అక్కడున్న అందరికీ తెలిసిన నిజం.

"సైదమ్మా, నువ్వు జర పక్కకుండు" అంది అండాలమ్మ. "పసుపు కుంకుమలు అయినంక వద్దువు."

కోపం లేదు ఆ మాటలో. పిల్లలతో చెప్పినట్టు చెప్పింది. సైదమ్మ వెనక్కి తగ్గింది. అలవాటే ఆమెకు.

నాగేశ్వరికి ఒళ్ళు మండింది. లేని మొగుడికి వేదిక. ఉండి, కొట్లాడి, పోయినవాడి పెళ్ళానికి పొయ్యి. ఎవరి మీద ఉమ్మేయాలి? అండాలమ్మ మీదా? తన మీదా?

అండాలమ్మ పసుపు వేలు పుస్తెల మీదికి వస్తోంది. నాగేశ్వరి ఆ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఇది వన్ గ్రామ్ గోల్డ్."

"ఏదైతేంది బిడ్డా? పుస్తె పుస్తెనే."

"దీన్ని నేనే కొనుక్కున్న. నాకు పెండ్లే కాలె. నాకు మొగుడు జైల్ల లేడు, బయట లేడు. కిరాయికి ఇల్లియ్యరని వేసుకున్న." మైకు దగ్గరే ఉంది. ప్రతి మాటా చౌరస్తా అంతా వినపడింది. "జైలుకు పోయింది అంతయ్య. అగో, ఆయన భార్య. ఆ శాలువ ఆమెకు కప్పు."

గొలుసు తీసి పళ్ళెంలో పెట్టింది.

గుండిగ ఉడుకుతున్న చప్పుడు ఒక్కటే.

అండాలమ్మ వేలికున్న పసుపు కొంగుకు తుడుచుకుంది. గబగబా తుడుచుకుంది. "ఓయమ్మో! ఇన్ని దినాలు నా చేతులతోని బొట్టు పెట్టించుకున్నవా? మా ఆయనకేమన్న అయితే?"

జనాన్ని తోసుకుంటూ కోటేశ్వరమ్మ ముందుకొచ్చింది. "చూశారా అండాలమ్మ గారూ! వ్రతం నాడు నా చేత వాయనం పుచ్చుకుందండీ!"

"నీ ఇంట్ల సుత చేసిందా అక్కా? ఖాళీ చేపియ్యి. నేనొస్త తోడు."

"ఇవాళే చేయిస్తాను. మావారితో చెప్పి ఇవాళే..."

ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఏడాదిగా మొహాలు తిప్పుకున్నవాళ్ళు! ఏ చర్చలూ, ఏ కమిటీలూ కలపలేనివాళ్ళను నాగేశ్వరి ఒక్క మాటతో కలిపేసింది.

శాలువా మడత ఎవరూ విప్పలేదు. పక్కన ఇంకెవరో నినాదం అందుకున్నారు. జనం అటు తిరిగారు.

నాగేశ్వరి వేదిక దిగింది. పొయ్యి దగ్గర కూర్చుంది. సైదమ్మ విస్తరాకులో అన్నం పెట్టింది, పచ్చిపులుసు పోసింది.

"నా పేరెందుకు తీసినవ్ చెల్లె? అందరు నా మొకమే చూడవట్టిరి."

నాగేశ్వరి తల దించుకుని ముద్ద కలుపుకుంది.

"ఇల్లు పాయె గదా?"

"పాయె."

సైదమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. "నా అర్రల ఇద్దరం పడ్తం... గని మా ఓనరు ఒకటి అడుగుతడు."

"ఏమని?"

"ఇంట్ల మొగోడెవరని."

నాగేశ్వరికి నవ్వొచ్చింది. ఆగని నవ్వు. నోట్లో ముద్ద ఉండగానే నవ్వింది, పొలమారింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. సైదమ్మ ఆమె నడినెత్తి మీద తట్టింది.

"ఎవరో తలుసుకుంటున్నరు."

నాగేశ్వరి తల ఎత్తి చూసింది. వేదిక పక్కన ఆ ఇద్దరూ చేతులు పట్టుకుని ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

"తలుసుకోనియ్యి" అంది.

ఇంకో ముద్ద కలుపుకుంది.